గలిలయ పలుకు
(క్రిస్మసు పండుగ నేర్పు ధైర్యపాఠము)



గత సంవత్సరము డిసెంబరు మొదటి వారమున ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని నా యొద్దకు వచ్చెను. బాలుడు ఏడవ తరగతి విద్యార్థి, చదువులో చురుకైనవాడు. తండ్రి చేతిలో టి.సి. కొరకు వ్రాసిన అర్జీ కలదు. కారణమేమని అడిగితిని. ఆయన కొంతసేపు తలవంచుకొని, పిమ్మట మెల్లగా ఇట్లనెను: "బస్సుస్టాండు దగ్గర పిల్లలు వీణ్ణి 'తెలెంగా, తెలెంగా' అని ఏడిపిస్తున్నారు మాస్టారూ. అది ఫరవాలేదు. బజార్లో నన్ను 'నాన్నా' అని పిలవడానికి కూడా వీడికి సిగ్గుగా ఉంది. ఇంక తెలుగు బడి ఎందుకండీ?"

ఆ ప్రశ్నకు నాకు వెంటనే సమాధానము తోచలేదు. క్రిస్మసు సెలవులు ముగియువరకు అర్జీని ఆపియుంచుడని మాత్రము కోరితిని. ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమునే నేడు ఈ పాఠముగా వ్రాయుచున్నాను. మన బడిలో క్రైస్తవులును, హిందువులును, ముస్లిములును కలిసి చదువుచున్నారు. నేను క్రైస్తవ గృహమున పుట్టి, తల్లి దీపము ముందు కూర్చుండి చదివిన తెలుగు బైబిలు వినుచు అక్షరములు నేర్చినవాడను. కనుక నాకు తెలిసిన కథనుండియే చెప్పెదను. ఇతర మతములవారు తమకు తెలిసిన కథలతో దీనిని పోల్చి చూచుకొందురు గాక.

1. పండుగ పేరు, పండుగ దినము

'క్రిస్మసు' అను మాట ప్రాచీనాంగ్లమునుండి వచ్చినది. క్రీస్తు పేర జరుగు ఆరాధన అని దాని యర్థము. యేసు ఏ దినమున జన్మించెనో సువార్తలలో చెప్పబడలేదు. డిసెంబరు 25వ తేదీని క్రీస్తు జన్మదినముగా రోమునగరమున క్రీ.శ. 336 నాటికే పాటించుచుండిరని ఒక ప్రాచీన పట్టికవలన తెలియుచున్నది. హేరోదు రాజు క్రీ.పూ. 4లో మరణించెనని చరిత్రకారులలో పెక్కుమంది యభిప్రాయము. యేసు ఆ రాజు కాలమున జన్మించినట్లు మత్తయి, లూకా సువార్తలు రెండును చెప్పుచున్నవి. కావున ఆయన జననము మన శకసంఖ్యకు కొన్నియేండ్లు ముందే జరిగియుండవలెను.

ఇవి పరీక్షలకు పనికివచ్చు సంగతులు. బ్రదుకునకు పనికివచ్చు సంగతి ఇకముందు వచ్చును.

2. నలుగురికి ఒకే మాట

జన్మకథను శ్రద్ధగా చదివినవారికి ఒక విశేషము కనబడును. దేవదూత వచ్చి పలుమారు చెప్పు మాట ఒక్కటే: భయము వలదు. లూకా సువార్తలో ఆ మాట వృద్ధుడైన జెకర్యాకు ఒకసారి, కన్యయైన మరియకు ఒకసారి, పొలములో మందను కాచుచున్న గొల్లలకు ఒకసారి చెప్పబడినది. మత్తయి సువార్తలో అదే మాట వడ్రంగియైన యోసేపునకు చెప్పబడినది.

ఈ నలుగురి భయములును ఒకటి కావు. జెకర్యా వయసు మళ్లినవాడు. ఇక తన యింట శుభము జరుగదని నిరాశపడినవాడు. మరియ చిన్నపల్లెలోని పేదపిల్ల. ఇంత పెద్ద పిలుపు తనకేల వచ్చెనని కలతపడినది. యోసేపు నలుగురి నోళ్లకు జంకినవాడు. గొల్లలు అర్ధరాత్రమున అకస్మాత్తుగా కనబడిన వెలుగునకు బెదరినవారు. నిరాశ, అల్పత్వభావము, లోకాపవాదభీతి, తెలియనిదానియందలి బెదరు: మనుష్యుని క్రుంగదీయు భయములలో పెక్కు ఈ నాలుగింటిలో ఇమిడియున్నవి గదా!

ఇంకొక విశేషము కలదు. భయము వలదని చెప్పి దూత ఊరకుండలేదు. ప్రతివారికి ఒక పని అప్పగించెను. జెకర్యా తన బిడ్డకు పేరు పెట్టవలెను. మరియ శిశువును కని పెంచవలెను. యోసేపు మరియను ఇంటికి చేర్చుకొనవలెను. గొల్లలు పోయి చూడవలెను. వారి భయము పూర్తిగా పోయిన పిమ్మట పని మొదలుపెట్టిరని కథలో లేదు. పని చేయుచుండగనే భయము తగ్గినది. ధైర్యమనగా భయము లేకుండుట కాదు. భయపడుచునే చేయవలసిన పనికి అడుగు వేయుట.

జెకర్యా కథలో మనబోటి భాషావిద్యార్థులు గమనింపవలసిన సంగతి యొకటి యున్నది. దూత మాటను నమ్మనందున ఆయన మూగవాడయ్యెను. బిడ్డ పుట్టిన పిమ్మట బంధువులు తమకు తోచిన పేరు పెట్టబోగా, ఆయన పలకమీద ఆ బిడ్డ పేరు యోహాను అని వ్రాసెను. వెంటనే ఆయన నోరు తెరవబడినది. నమ్మకము పోయినప్పుడు పలుకు పోయినది. నమ్మకము వచ్చినప్పుడు పలుకు వచ్చినది.

3. గాడిలోని శిశువు

గొల్లలకు దూత ఇచ్చిన ఆనవాలు ఏది? రాజభవనము కాదు, సింహాసనము కాదు. పొత్తిగుడ్డలలో చుట్టబడి పశువుల తొట్టిలో పండుకొనియున్న శిశువు. పశువులకు మేత వేయు ఆ చోటిని మన పల్లెలలో 'గాడి' యందుము. పాలేరును, పశులకాపరియును ఎరిగినంత బాగుగా దానిని మరియెవరెరుగుదురు? గొల్లలకు భవనములోనికి దారి తెలియదు. గాడి యొద్దకు పోవుటకు వారికి ఎవరి సెలవును అక్కరలేదు. వారి వాడుకలోని వస్తువే దైవమునకు ఆనవాలైనది. అల్పమని ఎంచబడిన చోటు ఆ రాత్రి అల్పము కాకపోయెను. క్రిస్మసు చెప్పు ఆత్మగౌరవపాఠమునకు మూలమిదియే: నీ విలువ నీవున్న చోటినిబట్టి గాని, నలుగురు నీకు పెట్టిన పేరునుబట్టి గాని ఏర్పడదు, దేవుడు నీ యింటికి వచ్చుటకు సిగ్గుపడలేదు, నీవేల నీ యింటికి సిగ్గుపడవలెను?

తరువాతి కథ మరియు మనకు దగ్గరది. హేరోదు శిశువును చంపజూడగా యోసేపు తల్లిని బిడ్డను తీసికొని రాత్రివేళ ఐగుప్తునకు పోయెను. అనగా యేసు శైశవమున కొంతకాలము పరదేశమున, పరభాషలవారి నడుమ గడచినది. ఆ కుటుంబము ఇంటిలో ఒక భాషను, అంగడిలో వేరొక భాషను వినియుండును. మన పిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

4. యేసు మాటాడిన భాష

యేసు పెరిగిన నజరేతు గలిలయలో ఒక చిన్న ఊరు. అటువంటి ఊరినుండి మంచిదేదైనను వచ్చునా యని ఒకడు వెక్కిరించినట్లు యోహాను సువార్తలో కలదు. ఆయన నిత్యము మాటాడిన భాష అరమేయికము. సువార్తలు వ్రాయబడినది గ్రీకుభాషలో. ఆనాడు తూర్పుదేశములందు చదువుకున్నవారి భాష అదియే. అయినను మార్కు తన గ్రీకు గ్రంథమున కొన్ని చోట్ల యేసు నోటి అరమేయిక పదములను అట్లే యుంచెను. చనిపోయిన బాలిక చేయి పట్టుకొని లెమ్మని పిలిచినప్పుడు 'తలితా కుమీ' అనెను. చెవిటివాని చెవులు, నాలుక విడిపించినప్పుడు 'ఎఫ్ఫతా' అనెను. తెరవబడుమని దాని యర్థము. మరణమునకు ముందటి రాత్రి తోటలో ప్రార్థించుచు దేవుని 'అబ్బా' అని పిలిచెను. తండ్రీ యని దాని యర్థము. మన తెలుగు నిఘంటువులలోను 'అబ్బ' యను మాటకు తండ్రి యను అర్థము కలదు. ఇది కేవలము కాకతాళీయమే. రెండు భాషలకు చుట్టరికము లేదు. అయినను వినుటకు ముచ్చటగా నున్నది.

ఈ మూడు సందర్భములను చూడుడు. ఒకటి మరణము, ఒకటి మూగతనము, ఒకటి తీరని వేదన. బ్రదుకులో అతిలోతైన ఘడియలలో నోట వచ్చునది తల్లిభాషయే. గ్రంథకర్త దానిని అనువదించి ఊరకుండుటకు మనసొప్పక, ఆ ధ్వనినే దాచియుంచెను. పెద్దభాషలో వ్రాసిన గ్రంథమున చిన్నభాష ముత్యమువలె నిలిచినది.

5. పేతురు పలుకు

ఇక పాఠమునకు ప్రధానమైన కథకు వచ్చుచున్నాను. యేసు పట్టుబడిన రాత్రి పేతురు ప్రధానయాజకుని యింటి ముంగిట కూర్చుండెను. నీవును అతనితో ఉన్నవాడవే యని ఒక పనిపిల్ల అడిగెను. కాదనెను. మరియొకతె అదే మాట అనెను. మరల కాదనెను. కొంతసేపటికి అచట నిలిచినవారు, నీ మాటతీరే నీవెవరవో చెప్పుచున్నదని అతనిని పట్టుకొనిరి. గలిలయవారి యాస యెరూషలేమువారి చెవికి వెంటనే తెలిసిపోవును. అప్పుడు పేతురు ఒట్టు పెట్టుకొని ఆ మనుష్యుని నేనెరుగననెను. వెంటనే కోడి కూసినది. అతడు వెలుపలికి పోయి వెక్కివెక్కి యేడ్చెను.

ఈ ఘట్టము చదివినప్పుడెల్ల నాకు నా శిక్షణకాలము జ్ఞప్తికి వచ్చును. ఉపాధ్యాయశిక్షణకై నేను ఆంధ్రదేశమునకు పోతిని. ఇచట ఒడియావారు నన్ను తెలెంగా యనిరి. అచట నా తోడివారు నాది ఒడ్డెతెలుగు అనిరి. ఒకనాడు తరగతిలో 'బేగి రండి' యంటిని. గది యంతయు నవ్వినది. 'వేగ' యను మాటకు అది సోదరియేనని చెప్పుటకు నాకు ఆనాడు నోరు రాలేదు. ఆ దినము మొదలు రెండు నెలలు నేను తరగతిలో అవసరమునకు మించి ఒక్క మాట పలుకలేదు. ఇంటినుండి చూడవచ్చిన తండ్రిని స్నేహితులకు చూపక, వీధిచివరనే మాటాడి పంపివేసితిని. ఆయన పల్లెమాట వారి చెవిని పడునేమోయని నా భయము. ఆయన ఏమియు అనలేదు. తెచ్చిన అరిసెల మూట నా చేతికిచ్చి బస్సు ఎక్కెను. నాకు కోడికూత వినబడుటకు చాల సంవత్సరములు పట్టినది.

కావుననే ఆ బాలుని చూచినప్పుడు నాకు కోపము రాలేదు. సిగ్గుపడుట ఎట్లుండునో నేనెరుగుదును.

పేతురు కథ ఏడ్పుతో ముగియలేదు. పస్కా గడచిన ఏబదియవ దినమునకు పెంతెకొస్తు పండుగ వచ్చెను. నానాదేశములనుండి జనులు యెరూషలేమునకు వచ్చియుండిరి. శిష్యులు మాటాడుచుండగా ప్రతివాడును తన జన్మభాషలో విని ఆశ్చర్యపడి, వీరందరు గలిలయవారు కారాయని తమలో తాము అనుకొనిరి. అప్పుడు పదునొకండ్రతోకూడ లేచి నిలిచి, గొంతెత్తి మాటాడినవాడు ఎవరు? ఆ పేతురే. పనిపిల్ల ముందు దాచుకొన్న ఆ పలుకుతోనే వేలమంది యెదుట నిలిచెను. యాస మారలేదు, మనిషి మారెను. తాను క్షమింపబడితినని, తనకు పని యొకటి అప్పగింపబడినదని తెలిసికొనుటయే ఆ మార్పునకు కారణము.

మరియొక సంగతి. ఆ దినమున దేవుడు అందరిచేత ఒకే పెద్దభాషను మాటాడింపలేదు. ఎవరి భాషలో వారికి వినిపించెను. ఇట్టి గ్రంథమును నమ్మువాడు ఏ భాషను చిన్నచూపు చూడగలడు?

6. మన సీమలో ఈ వెలుగు

ఈ కథ మన తెలుగులోనికి వచ్చుటకును చరిత్ర కలదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన మిషనరీలు తెలుగు నేర్చి అనువాదమునకు పూనుకొనిరి. వారి కృషివలన మొదటి మూడు సువార్తలు తెలుగులో 1812లో శ్రీరాంపురమున అచ్చుపడినవి. అందు లూకా సువార్త యున్నది. అనగా గాడిలోని శిశువు కథ.

ఆ తరమువాడే పురుషోత్తమ చౌదరి (1803–1890). ఒడియా తెలుగు కలిసి వినవచ్చు మన పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణకుటుంబమున జన్మించెను. 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. బంధువులు దూరమైరి, ఉన్న గౌరవము పోయెను. ఆయన మాత్రము తన భాషను, తన సంగీతమును విడువలేదు. ఆంగ్లగీతముల బాణీలతో తృప్తిపడక, మన రాగములలో, మన తాళములలో తెలుగు కీర్తనలు రచించెను. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను గ్రంథమున వాటిని నేటికిని చూడవచ్చును. తెలుగు క్రైస్తవులు ఎచ్చట నున్నను ఆ కీర్తనలు పాడుచున్నారు. క్రొత్త విశ్వాసము పొందిన మాత్రమున పాతభాషకు సిగ్గుపడనక్కరలేదని ఆయన జీవితము చెప్పుచున్నది. ఆ వెలుగు మన ఇరుగుపొరుగునుండియే బయలుదేరినది.

రెండవవాడు గుఱ్ఱము జాషువ. 1895 సెప్టెంబరు 28న గుంటూరుసీమలోని వినుకొండలో క్రైస్తవ గృహమున జన్మించెను. కులము పేర ఆయన పడిన అవమానములు చాల. పద్యము చదివినందుకు సభలోనే ఈసడింపబడెను. సంస్కృతకావ్యములు, పురాణములు చదివినందుకు తనవారివలనను మాటపడెను. ఇరువైపులనుండి దెబ్బలు తిన్నను కలము దించలేదు. 1941లో వెలువడిన 'గబ్బిలము'లో, ఎవరును లోనికి రానీయని మనుష్యుడు తన గోడును ఒక గబ్బిలముద్వారా శివునికి పంపుకొనును. ఆయన రచించిన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. 1970లో పద్మభూషణ బిరుదమును పొంది, 1971 జులై 24న పరమపదించెను. గాడిలో పుట్టినవాని చరిత్రను, ఊరిచివర నిలుపబడిన కవి తెలుగు పద్యములలో వ్రాసెను. దానికి దేశమంతయు తలవంచినది.

7. గౌరవము, గర్వము

విద్యార్థులారా! ఇంతవరకు చెప్పినదానిని పొరపాటుగా గ్రహింపకుడు. ఆత్మగౌరవము వేరు, గర్వము వేరు. తన భాషను ప్రేమించువాడు పొరుగువాని భాషను ద్వేషింపడు. మనము ఈ ఒడియా మన్నుమీద పంటలు పండించి బ్రదుకుచున్నాము. ఒడియా బాగుగా నేర్వుడు. అందులోను మొదటి మార్కు తెచ్చుకొనుడు. మన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నున్న గిడుగు రామమూర్తి పంతులు గారు తెలుగుకొరకు పాటుపడుచునే సవరలభాష నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును కూర్చిరి. అది పెద్దమనసు. పండుగకథలోను తూర్పుజ్ఞానులు వేరు దేశమునుండి వచ్చినవారే. వారిని మీ భాష ఏదియని ఎవరును గుమ్మమున నిలిపివేయలేదు.

తలిదండ్రులకు ఒక విన్నపము. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు మనము ఊరు మారలేదు, సరిహద్దు మారినది. ఈ దేశపు రాజ్యాంగము 29వ అధికరణమున తమ భాషను కాపాడుకొను హక్కును, 1956లో చేర్చబడిన 350-ఎ అధికరణమున అల్పసంఖ్యాకభాషల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధన వసతులు కల్పించు బాధ్యతను పేర్కొనియున్నది. హక్కు కాగితముమీద నున్నది. దానిని నిలుపుకొనుట మన యింటి వసారాలో నున్నది. రాత్రి భోజనమైన పిమ్మట పావుగంట పిల్లలచేత తెలుగు బిగ్గరగా చదివింపుడు. బైబిలు కానిండు, భాగవతము కానిండు, వార్తాపత్రిక కానిండు.

8. ముగింపు

ఆ బాలుని సంగతి చెప్పి విరమించెదను. క్రిస్మసుకు ముందు జరిగిన మా బడి పండుగలో లూకా సువార్త రెండవ అధ్యాయము చదువు పనిని వానికి అప్పగించితిని. వలదని ఏడ్చెను. భయపడుచునే చదువవచ్చునని చెప్పితిని. తొలి రెండు వాక్యములలో గొంతు వణకినది. గొల్లల ఘట్టము వచ్చుసరికి నిలదొక్కుకొన్నది. చప్పట్లు గొప్పగా కొట్టలేదు; అద్భుతమేదియు జరుగలేదు. బస్సుస్టాండు దగ్గర పిల్లలు నేటికిని వానిని ఏడిపించుచునే యున్నారు.

జనవరిలో బడి తెరచిన మూడవనాడు ఆ తండ్రి మరల వచ్చెను. అర్జీ వెనుకకు ఇమ్మని అడుగుటకు వచ్చితిననెను. ఏమి జరిగినదని అడిగితిని. ఆయన కండువాతో మొగము తుడుచుకొని ఒక్క మాట అనెను: "నిన్న సంతలో అంతమందిలోనూ నన్ను నాన్నా అని కేకేశాడు మాస్టారూ."

అందరికిని క్రిస్మసు శుభాకాంక్షలు.

అభ్యాసము

1. దూత భయము వలదని చెప్పిన నలుగురెవరు? వారి భయములు ఎట్టివి? వారికి అప్పగింపబడిన పనులేవి?

2. మార్కు సువార్తలో నిలిచియున్న అరమేయిక పదములలో మూడింటిని పేర్కొని, సందర్భములను వివరింపుడు.

3. ముంగిట పేతురునకు, పెంతెకొస్తునాటి పేతురునకు గల భేదమును పది వాక్యములలో వ్రాయుడు.

4. మీ యింటిలో వాడుకలో నుండి, పుస్తకములలో కానరాని తెలుగుమాటలు పదింటిని పెద్దలనడిగి సేకరింపుడు. అర్థములు వ్రాయుడు.

5. మీరు ఎన్నడైన సిగ్గుపడి దాచుకొన్న సంగతి యేది? దీనికి సమాధానము నాకు చూపనక్కరలేదు. మీ పుస్తకముననే యుంచుకొనుడు.